పందొమ్మిది నిమిషాల పట్టు

1వ రోజు

పేరు ఆరెల్లి స్వరూప. వయసు ముప్పై తొమ్మిది. రక్షక దళం, నల్లబండ స్టేషన్. జోడు అనే యంత్రాన్ని దూరం నుంచి నడిపే ఉద్యోగంలో పదమూడేళ్ళ సర్వీసు. ముప్పై రోజుల పాటు ఏ పనులు చేయగలిగానో, ఏవి చేయలేకపోయానో రోజూ చెప్పాలని అంగవైకల్య మండలి ఆదేశం. రాయలేను కాబట్టి కాలరుకు పెట్టుకునే పిన్ను ఇచ్చారు. నేను మా ఊరి మాటల్లో చెబుతాను, అది మండలికి పనికొచ్చే భాషలోకి మార్చి రాసుకుంటుంది. ఎవరైనా అన్న మాటలను మాత్రం అన్నవి అన్నట్టే ఉంచుతుందట.

నా చేతులకు మచ్చ లేదు. ఎముక విరగలేదు. చూస్తూ ఉంటే చెప్పినట్టు వింటాయి. చూపు తిప్పగానే అవి ఎక్కడున్నాయో నాకు తెలియదు.

ఈ రోజు చేసినవి: పళ్ళు తోముకున్నాను. అన్నం తిన్నాను, స్పూనుతో. చీర కట్టుకోలేదు, నైటీ వేసుకున్నాను. చేయలేనివి: మంచినీళ్ళ గ్లాసు పట్టుకుని ఉండగా మా అమ్మాయి హారిక పిలిచింది, అటు చూశాను. గ్లాసు పగిలిన చప్పుడు విన్నాకే అది నా చేతిలో లేదని తెలిసింది.

2వ రోజు

ఎండ సైరన్ తొమ్మిదింటికే మోగింది. సాయంత్రం అయిదు దాకా ఎవరూ బయటికి పోకూడదు కాబట్టి ఇంట్లోనే ఉన్నాం. మా ఆయన మొగిలి ఆక్సిజన్ మిషను పెట్టుకుని కూర్చుని కూరగాయలు తరిగాడు. పెళ్ళికి ముందు నుంచీ కంకర మిల్లులో పనిచేసినవాడు. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లో దిగిపోయింది. నెలకోసారి ఆస్పత్రిలో ఊపిరితిత్తులు కడిగించుకోవాలి. కడిగించకపోతే ఏమవుతుందో మా వీధిలో ఇద్దరిని చూశాం. ఇదంతా నా ఉద్యోగం మీద వచ్చిన కుటుంబ వైద్య కార్డు మీద నడుస్తోంది.

నా గాయం సెలవు ఆరు నెలలు ఈ ముప్పయ్యో రోజుతో అయిపోతుంది. అదే రోజు విచారణ. సేవలో వికలాంగురాలినయ్యానని మండలి ఒప్పుకుంటే కార్డు జీవితాంతం ఉంటుంది, పదవీ విరమణ ఇస్తారు. ఒప్పుకోకపోతే మర్నాటి నుంచి కార్డు పనిచేయదు.

మండలి నోటీసును మొగిలి మళ్ళీ చదివి వినిపించాడు. అభ్యంతరాలు రెండు. మొదటిది, ప్రమాదం జరిగినప్పుడు నా శరీరం సంఘటనా స్థలంలో లేదు, పద్నాలుగు కిలోమీటర్ల దూరంలో స్టేషన్ కుర్చీలో ఉంది. రెండోది, జోడు నన్ను విడిపిస్తానన్నా నేనే వద్దన్నాను. అంటే ఈ గాయం కోరి తెచ్చుకున్నది.

"రెండూ నిజమే కదా," అన్నాను.

"నిజమని నువ్వే ఒప్పుకుంటే వాళ్ళకు పనేమున్నది?" అన్నాడు మొగిలి.

4వ రోజు

హారికకు జడ వేశాను. గాయమైన తర్వాత ఇదే మొదటిసారి. నా వేళ్ళను రెప్ప వేయకుండా చూసుకుంటూ వేశాను. ఇరవై నిమిషాలు పట్టింది. వంకరగా వచ్చింది. హారిక పదో తరగతి. వేరే ఎవరు వేసినా ఆ జడతో బడికి పోయేది కాదు. ఈ రోజు పోయింది.

మొగిలి పిన్ను వైపు చూసి గొంతు తగ్గించాడు. "ఇది చెప్పకు. జడ అల్లిన చేతులకు వికలాంగం ఏందంటరు."

చెప్పకుండా ఉండాలనే అనుకున్నాను. కానీ చేసినవి కూడా చెప్పమన్నారు. చెబుతున్నాను.

7వ రోజు

ప్రమాదం గురించి కూడా ఒకసారి క్రమంగా చెప్పమని మండలి నుంచి ఫోను వచ్చింది. చెబుతున్నాను.

మా ఊరి పాత బొగ్గు గనుల్లో ఇప్పుడు బ్యాటరీలు పెట్టారు. పగలు ఎండ నుంచి తీసిన కరెంటు అక్కడ దాస్తారు. అక్కడ నిప్పు పుడితే వచ్చే పొగలో మనిషి రెండు నిమిషాలు బతకడు. అందుకే మనుషులకు బదులు జోళ్ళు దిగుతాయి. జోడు అంటే ఇనుప మనిషి. నేను స్టేషన్‌లో కుర్చీలో కూర్చుంటే నా చేతులు కదిలినట్టు దాని చేతులు కదులుతాయి. అది ముట్టుకున్నది నాకు తెలుస్తుంది. బరువు, వేడి, మెత్తదనం అన్నీ తెలియాలి. తెలియకపోతే ఇనుప చేతులతో మనిషిని ఎత్తలేం, ఎముకలు విరుగుతాయి.

ఆ రోజు మధ్యాహ్నం మూడున్నరకు ఆరో లెవెల్లో ఒక గది కప్పు కూలింది. కేబుల్ పనిచేసే దాసరి సమ్మయ్య అనే మనిషి లోపల చిక్కాడు. ముఖానికి గాలి మాస్కు ఉంది. కాలు ఇనుప దూలం కింద ఉంది. పైన ఇంకో దూలం ఒరిగి అతని ఛాతీ మీదికి దిగుతోంది. నేను జోడు రెండు చేతులూ దాని కిందికి పెట్టి ఆపాను. రెండో జోడు వచ్చి అతన్ని లాగేసరికి పందొమ్మిది నిమిషాలు అయ్యింది.

బరువు హద్దు దాటితే జోడు నా చెవిలో అడుగుతుంది: "విడవాలా?" అవునన్నా, జవాబు చెప్పకపోయినా, అయిదు లెక్కపెట్టి నా నరాలతో సంబంధం తెంపేస్తుంది. సంబంధం తెగితే జోడు చేతులు వాలిపోతాయి. మూడున్నర నిమిషాల తర్వాత అది అడగడం మొదలుపెట్టింది. అర నిమిషానికి ఒకసారి అడిగింది. మొత్తం ముప్పై ఒక్క సార్లు.

ముప్పై ఒక్క సార్లూ నేను వద్దన్నాను.

సమ్మయ్యను బయటికి తీశాక కుర్చీలోంచి లేచాను. తలుపు గడియ తీయడానికి చెయ్యి చాచాను. చెయ్యి రాలేదని, అది ఇంకా నా ఒళ్ళోనే ఉందని పక్కనున్న వాళ్ళు చెప్పారు.

8వ రోజు

చేసినవి: ఏమీ లేవు. నిన్న చెప్పిన దాంతో పడుకుండిపోయాను.

11వ రోజు

యూనియన్ కార్యదర్శి రాజమల్లు అన్న వచ్చాడు. పొద్దున ఏడింటికే వచ్చాడు, సైరన్ మోగేలోపు వెనక్కి పోవాలి కదా. నేను ఉద్యోగంలో చేరినప్పటి నుంచి తెలిసిన మనిషి. పాతకాలం ఫైరింజన్ల మీద పనిచేసిన ఆఖరి జట్టులో ఉన్నవాడు.

చాయ్ తాగి పిన్ను తీసేయమన్నాడు. తీయకూడదని, తీస్తే ఆ రోజు లెక్కలోకి రాదని చెప్పాను. పక్కగదిలో గుడ్డ కింద పెట్టి రమ్మన్నాడు. అలాగే చేశాను. అందుకే ఆయన మాటలు పిన్ను వినలేదు. గుర్తున్నంత వరకు నేను చెబుతున్నాను. ఇది చెప్పాలా వద్దా అని మూడు రోజులు ఆలోచించి, పద్నాలుగో రోజున ఈ పదకొండో రోజు సంగతి చేరుస్తున్నాను.

"చెల్లె, కాయిదం ప్రకారం నువ్వు ఓడిపోయినట్టే. ఒక్కటే తొవ్వ ఉన్నది. ఆ 'వద్దు' అన్నది నువ్వు జోడుతోని అనలేదు. సమ్మయ్యతోని అన్నవ్. కదలొద్దు, భయపడొద్దు అన్నవ్. మిషను తప్పు విన్నది. అట్ల చెప్పు. అప్పుడది నీ తప్పు కాదు, జోడు చేసిన కంపెనీ తప్పు. నీకు అన్నీ వస్తయ్. మొగిలి కార్డు కూడా."

"సమ్మయ్య ఒప్పుకుంటడా?"

"నేను మాట్లాడుత. నువ్వు ప్రాణం పోసినవ్, ఒక్క మాట చెప్పడా?"

"తర్వాత జోళ్ళను ఏం చేస్తరన్నా?"

రాజమల్లు అన్న నాతో అబద్ధం చెప్పే మనిషి కాదు. అందుకే కాసేపు గ్లాసు అంచు తుడుస్తూ కూర్చున్నాడు.

"అడుగుడు తీసేస్తరు," అన్నాడు చివరికి. "సముద్రం దిక్కు స్టేషన్లల్ల అట్లనే చేసిండ్రు. అక్కడెవరో మిషను తప్పు విన్నదని గెలిచిండ్రు. ఇప్పుడు ఆ జోళ్ళు ఎవర్నీ అడగయ్. హద్దు దాటితే అవే విడిచిపెడతయ్."

"కింద మనిషున్నా?"

"కింద మనిషున్నా."

15వ రోజు

మొగిలి ఊపిరితిత్తులు కడిగే రోజు. తెల్లవారే, తీగల మీద నడిచే రోప్ బండి ఎక్కి జిల్లా ఆస్పత్రికి పోయాం. కడగడం రెండు గంటల పని. బయటికి వచ్చాక రెండు రోజులు బాగా నిద్రపోతాడు.

వచ్చే నెల తేదీ అడిగితే కౌంటర్లో అమ్మాయి కార్డు చూసి తల అడ్డంగా ఊపింది. "ఇది ఈ నెలాఖరుదాకనే ఉన్నదమ్మా. కొత్త కార్డు తెచ్చినంక తేదీ రాస్త."

"రాసి పెట్టుకో బిడ్డా, తెస్తం," అన్నాడు మొగిలి.

"కంప్యూటర్ తీసుకోదు అంకుల్."

తిరిగి వచ్చేటప్పుడు మొగిలి కిటికీ వైపు కూర్చుని కింద ఎండిన చెరువులు చూస్తూ ఉన్నాడు. రాజమల్లు అన్న చెప్పిన సంగతి అప్పటిదాకా అతనికి చెప్పలేదు. అక్కడ చెప్పాను. ఎదుటి సీట్లలో ఎవరూ లేరు.

"చెప్పు మరి," అన్నాడు వెంటనే. "నా కోసం కాకున్నా హారిక కోసం చెప్పు. దానికి బాపు ఇంకో రెండేండ్లన్న ఉంటడు."

నా చేతులు ఒళ్ళో ఉన్నాయి. అవి ఒళ్ళోనే ఉన్నాయని చూసుకుని, మళ్ళీ కిటికీ వైపు చూశాను.

16వ రోజు

దోసెలు పోశాను. నాలుగు బాగా వచ్చాయి. అయిదో దోసె పోస్తుండగా హారిక లెక్కల్లో ఏదో అడిగింది. తల తిప్పి చెప్పాను. మాడు వాసన వస్తే దోసె అనుకున్నాను. హారిక అరిచింది. నా ఎడమ అరచెయ్యి పెనం మీద ఆనించి ఉంది.

నొప్పి తెలియలేదు. డిస్పెన్సరీలో కట్టు కట్టారు.

సాయంత్రం మొగిలి కట్టు వైపు చూస్తూ అన్నాడు: "ఇప్పుడన్న వాళ్ళకు చూపిచ్చేటందుకు ఒక గాయమున్నది."

అన్నాక రెండు చేతులతో తలపట్టుకుని కూర్చున్నాడు. "నా నోట్లకెళ్ళి ఎట్ల వచ్చింది ఆ మాట," అన్నాడు. హారిక ఆయన పక్కన కూర్చుంది. ఆ రాత్రి వంట హారికే చేసింది.

19వ రోజు

సమ్మయ్య వచ్చాడు. ప్రమాదం జరిగిన తర్వాత మేమిద్దరం ఒకరినొకరు చూడటం ఇదే మొదటిసారి. గనిలో అతను చూసింది ఇనుప ముఖం. నేను చూసింది మాస్కు. యాభై ఎనిమిదేళ్ళుంటాయి. ఎడమ కాలికి మోకాలి కింద నుంచి కట్టుడు కాలు. చేతిలో నిమ్మకాయల సంచి.

గుమ్మంలోనే ఆగిపోయాడు. "స్వరూపంటే నువ్వేనా బిడ్డా? నేనింకా పెద్ద మనిషివనుకున్న. గొంతు అట్లున్నది."

కూర్చున్నాక చాలాసేపు తన కాలు గురించి, మనవరాలి గురించి మాట్లాడాడు. తర్వాత తనే ఎత్తుకున్నాడు. "రాజమల్లు వచ్చి చెప్పిండు. నాకేం అభ్యంతరం లేదు. నువ్వు ఏం జెప్పమంటే అది జెప్త. ప్రమాణం చేసి జెప్త."

"కాకా, నీకు ఆ రోజు ఏం గుర్తున్నది?"

"నీ మణికట్టు," అన్నాడు. "అదే, ఆ ఇనుపదాని మణికట్టు. గట్టిగ పట్టుకున్న. అది వణుకుతుండె. ఇనుము వణుకుతదా అనుకున్న. అప్పుడు తెలిసింది, లోపల ఎవరో ఉన్నరని."

ఆ పట్టు నాకు తెలుసు. అంత బరువులో, అంత వేడిలో, కుడి మణికట్టు చుట్టూ అయిదు వేళ్ళు. అన్నిటికంటే చిన్నది, అన్నిటికంటే స్పష్టంగా తెలిసింది అదే. ఆ సంగతి అతనికి చెప్పలేదు. నిమ్మకాయలు తీసుకుని చాయ్ ఇచ్చాను. గ్లాసును చూస్తూ ఇచ్చాను.

22వ రోజు

విచారణకు సిద్ధం కావాలంటే ఒకసారి రికార్డింగు వినాలని రాజమల్లు అన్న యూనియన్ ఆఫీసుకు పిలిచాడు. ఏ 'వద్దు' సమ్మయ్యతో అన్నట్టుగా ఉందో, ఏది లేదో ముందే చూసుకోవాలని ఆయన ఉద్దేశం.

విన్నాను. మొదటి 'వద్దు' మామూలుగా ఉంది, ఇంట్లో ఇంకొంచెం అన్నం పెట్టనా అంటే అన్నట్టు. అయిదోది కోపంగా ఉంది. పది దాటాక గొంతు మారిపోయింది. అది నేనే అని తెలియకపోతే ముసలామె ఎవరో అనుకునేదాన్ని.

పదిహేడోసారి జోడు "విడవాలా?" అని అడిగాక ఏమీ వినపడలేదు. టేపు ఆగిందేమో అనుకున్నాడు రాజమల్లు అన్న. ఆగలేదు. జోడు లెక్కపెడుతోంది. అయిదు. నాలుగు. మూడు. రెండు. అప్పుడు నా గొంతు, గాలి మాత్రమే ఉన్న గొంతు: "వద్దు."

"ఇక్కడ నీకు వినపడలేదేమో," అన్నాడు రాజమల్లు అన్న.

నేను అవునన్నాను. ఇంటికి వచ్చేశాను.

23వ రోజు

నిన్న అవునన్నది అబద్ధం. నాకు వినపడింది. ఈ సంగతి ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు, నాకు నేను కూడా చెప్పుకోలేదు. పదిహేడోసారి నేను విడువనివ్వాలనే ఊరుకున్నాను. చేతులు భుజాల నుంచి ఊడిపోతున్నట్టు ఉంది. హారిక గుర్తుకొచ్చింది. ఎవరో తెలియని మనిషి కోసం ఇంతకంటే చేయాల్సిన అవసరం లేదనిపించింది. జోడు లెక్కపెడుతుంటే చల్లటి నీళ్ళు పోస్తున్నట్టు ఉంది.

మూడు దగ్గర సమ్మయ్య నా మణికట్టును పట్టుకున్నాడు. రెండు దగ్గర వద్దన్నాను.

మొగిలికి చెప్పాను. అతను ఆక్సిజన్ మిషను ఆపి విన్నాడు, దాని చప్పుడులో మాట తప్పిపోతుందేమో అని.

"మిషను తప్పు విన్నదంటే," అన్నాను, "రేపటి నుంచి అది ఎవర్నీ అడగదు. అడగకపోయి ఉంటే నాకు ఆ రెండు సెకండ్లు కూడా దొరకకపోవు. సమ్మయ్య మిగిలేటోడు కాదు."

మొగిలికి నా మీద కోపమేమో అనుకున్నాను. మిషను మళ్ళీ పెట్టుకుని, నాలుగైదు ఊపిరులు తీసుకుని అన్నాడు.

"కంకర మిల్లుల నాకు గాలి బంద్ అయిన రోజు, నన్ను బయటికి గుంజింది ఎవరో నాకిప్పటికీ తెల్వదు. వాని మొఖం సుత చూడలె." నా వైపు తిరిగి, "నీకెట్ల అనిపిస్తే అట్ల చెప్పు. నా ఊపిరి లెక్క తియ్యకు," అన్నాడు.

తీయకుండా ఎలా ఉంటాను? ఇది పిన్నుకు చెబుతున్నప్పుడు కూడా అతని ఊపిరి చప్పుడే వింటున్నాను.

27వ రోజు

చేసినవి: బొత్తాలు పెట్టుకున్నాను, అయిదు. బట్టలు మడిచాను. చేయలేనివి: కరెంటు పోయి వంటింట్లో చీకటైంది. కరెంటు వచ్చేదాకా గోడకు ఆనుకుని నిలబడ్డాను. చేతులు ఎక్కడున్నాయో తెలియకుండా కదిలితే ఏమైనా పడేస్తానని.

రాజమల్లు అన్నకు ఫోను చేసి, జరిగిందే చెబుతానని అన్నాను. ఆయన అరవలేదు. "నీ ఇష్టం చెల్లె. కానీ నేను పక్కనుంటా," అన్నాడు.

30వ రోజు

విచారణ పొద్దున ఏడున్నరకు. మండలిలో ముగ్గురు. మధ్యలో అధ్యక్షురాలు, ఆమె న్యాయశాఖ నుంచి వచ్చింది. ఒక పక్క నరాల డాక్టరు ఫర్హానా. రెండో పక్క ఎల్లాగౌడ్ అనే రిటైరైన ఫైర్ ఆఫీసరు. ఆయన చెవి ఒకటి కాలి ముడుచుకుపోయి ఉంది. మా వైపు నేను, మొగిలి, రాజమల్లు అన్న, సాక్షిగా సమ్మయ్య.

అధ్యక్షురాలు నా ముప్పై రోజుల చిట్టా మొత్తం చదివింది. పదకొండో రోజు కూడా చదివానని, కావాలంటే అది నేను చెప్పకుండా దాచగలిగేదాన్నని చెప్పింది. రాజమల్లు అన్న తల దించుకున్నాడు.

"నాలుగో రోజు జడ వేశారు. పదహారో రోజు నాలుగు దోసెలు సరిగ్గా పోశారు. చూస్తూ ఉంటే మీ చేతులు పనిచేస్తున్నాయి. అవునా?"

"అవును మేడం."

"ప్రమాద సమయంలో మీరు గనిలో లేరు."

"నా శరీరం లేదు మేడం."

"యంత్రం విడవాలా అని అడిగిన ప్రతిసారీ మీరు వద్దన్నారు. చిట్టాలో ఉన్నా ఇక్కడ నోటితో చెప్పండి, అది సమ్మయ్య గారితో అన్న మాటా, యంత్రంతో అన్న మాటా?"

వెనకాల మొగిలి మిషను చప్పుడు వినిపిస్తోంది. నేను అధ్యక్షురాలి ముఖమే చూస్తూ చెప్పాను.

"జోడుతోనే అన్న మేడం. ముప్పై ఒక్క సార్లు. అది సరిగ్గనే విన్నది. పదిహేడోసారి మాత్రం నేను ఊకున్న. విడిచిపెట్టనీ అని ఊకున్న, అది రెండు దాకా లెక్కవెట్టింది. సమ్మయ్య నా చెయ్యి పట్టుకున్నంక మళ్ళ వద్దన్న."

సమ్మయ్య నా పక్కన కూర్చుని ఉన్నాడు. అతని వైపు చూడలేకపోయాను. నేను వదిలేయబోయానని అతనికి తెలియడం అదే మొదటిసారి.

ఎల్లాగౌడ్ సార్ కుర్చీలో ముందుకు వంగాడు. "అధ్యక్షురాలు గారూ, ఒక్క మాట. నా చెవి ఒక గోడౌన్ల కాలింది. లోపలికి పొమ్మని నన్నెవరూ నూకలే. నేను ఇష్టపడే పోయిన. నాకు పెన్షన్ ఇచ్చేటప్పుడు, ఎందుకు పోయినవని ఎవరూ అడగలే. ఈమెను ఎందుకు అడుగుతున్నం?"

"మీరు లోపలికి పోయారు సార్," అంది అధ్యక్షురాలు. "ఆమె పోలేదు. నిబంధన అలా ఉంది. అదే కదా ప్రశ్న."

డాక్టరు ఫర్హానా అప్పటిదాకా ఏదో రాసుకుంటోంది. తల ఎత్తి నా వైపు చూసింది. తర్వాత ముందున్న బల్ల వైపు చూసి, రాయడం ఆపింది.

"స్వరూప గారూ, నా వైపే చూస్తూ జవాబు చెప్పండి. ఇప్పుడు మీ కుడి చెయ్యి ఎక్కడ ఉంది?"

"ఒళ్ళో ఉన్నదమ్మా. అట్లనే పెట్టుకున్న."

"ఏమైనా తగులుతోందా?"

"లేదు."

"కిందికి చూడండి."

చూశాను. నా కుడి చెయ్యి బల్ల మీద ఉంది. సమ్మయ్య దాన్ని రెండు చేతులతో పట్టుకున్నాడు. మణికట్టు దగ్గర, వేళ్ళు తెల్లబడేంత గట్టిగా. ఎప్పుడు పట్టుకున్నాడో తెలియదు. అతను ఏడుస్తున్నాడు, చప్పుడు లేకుండా.

"ఆమె పదిహేడోసారి సంగతి చెప్పినప్పటి నుంచి పట్టుకునే ఉన్నారు," అంది డాక్టరు అధ్యక్షురాలితో. "రెండు నిమిషాలు దాటింది."

అప్పుడు సమ్మయ్యను అడిగారు. సాక్షి ఏం చెప్పాలనుకుంటున్నారు అని.

"నేనేం జెప్పాలె మేడం," అన్నాడు. నా చెయ్యి వదలలేదు. "ఆ రోజు గింత గట్టిగ పట్టుకుంటే ఈమెకు తెలిసింది. ఇనుములకెళ్ళి తెలిసింది. ఇయ్యాల ఒట్టి చెయ్యి పట్టుకుంటే తెలుస్తలేదు. అక్కడ లేదంటున్నరు గదా, మరి ఈమె చేతులు ఎక్కడ పోయినయో మీరే జెప్పుండ్రి."

అధ్యక్షురాలు కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. తీర్పు పది రోజుల్లో పంపుతామని, అప్పటిదాకా కుటుంబ కార్డు ఆపవద్దని రాసి సంతకం చేసింది.

బయట వరండాలో సమ్మయ్యకు క్షమాపణ చెప్పాలని నోరు తెరిచాను. అతను ముందే చెయ్యి అడ్డం పెట్టాడు.

"రెండు దాకా లెక్కవెట్టిందన్నవ్ గదా బిడ్డా. ఒకటి అనలేదు గదా. అంతే. ఇంక దాని ముచ్చట తియ్యకు."

39వ రోజు

తీర్పు నిన్న వచ్చింది, దానితోనే కొత్త కార్డు కూడా. పిన్ను ఎల్లుండి తిరిగి ఇచ్చేయాలి కాబట్టి ఇదే ఆఖరు నమోదు.

హారిక చదివింది. ముగ్గురిలో ఇద్దరు ఒప్పుకున్నారు. రక్షకురాలి చేతులు ఏ చోట పనిచేస్తుంటే ఆ చోటే సంఘటనా స్థలమని రాశారు. సేవలో వికలాంగురాలినని గుర్తించారు. కుటుంబ వైద్య కార్డు నాకు, మొగిలికి జీవితాంతం. హారికకు చదువు పూర్తయ్యేదాకా. డాక్టరు ఫర్హానా నెలకు రెండుసార్లు చేతుల శిక్షణకు రమ్మంది.

కోరి తెచ్చుకున్న గాయమా కాదా అన్న రెండో అభ్యంతరం మాత్రం తేలలేదు. అది పైమండలికి పంపారు. అక్కడ తేలేదాకా పదవీ విరమణ లాభాలు ఆగుతాయి. ఏడాది పట్టవచ్చు. ఇదే కారణంతో ఆగిన వాళ్ళు మిగతా స్టేషన్లలో ఇంకో ఆరుగురు ఉన్నారట. జోళ్ళు అడిగే ప్రశ్న తీసేయాలని మాత్రం ఎవరూ రాయలేదు. మనిషిని కాపాడిన వాళ్ళను ఎందుకు కాపాడావని అడగకూడదని ఎల్లాగౌడ్ సార్ విడిగా ఒక పేజీ రాసి తీర్పుకు జత చేశాడు. ఆ పేజీ హారిక రెండుసార్లు చదివింది.

రాజమల్లు అన్న ఫోను చేశాడు. "పైమండలి దాకా పోయి కొట్లాడుదమా చెల్లె? పోతే మళ్ళ ఆ టేపు పెడతరు. పదిహేడోది మళ్ళ వింటరు. పేపరోళ్ళు సుత రావచ్చు."

"పెట్టనీ అన్నా," అన్నాను. "ఆ ఆరుగురిని సుత పిలువు."

కొత్త కార్డు మీద తేదీలు రాయించుకోవడానికి మొగిలిని పొద్దున ఆస్పత్రికి తీసుకుపోయాం. కౌంటర్లో అదే అమ్మాయి ఉంది. కార్డు పెట్టగానే ఈ నెల తేదీ, వచ్చే నెల తేదీ, అలా పన్నెండు తేదీలు అచ్చయి వచ్చాయి. మొగిలి ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు.

మా ఇల్లు మూడో అంతస్తు. మామూలుగా మెట్ల మీద మూడు చోట్ల ఆగుతాడు. ఈ రోజు మొదటి మలుపు దగ్గర ఆగలేదు. రెండో మలుపు దగ్గర ఆగుతాడని నేనూ హారికా వెనకే నిలబడ్డాం. ఆగలేదు. పైకి పోయి, తలుపు తీసి, వంటింట్లో గిన్నెల చప్పుడు చేస్తూ అక్కడి నుంచే అరిచాడు.

"ఏం చేస్తున్నరు కింద? చాయ్ పెడుతున్న, రాండ్రి."